పలకకూ ఫలక్‌కూ నడుమ



చార్మినార్ దగ్గర బస్సెక్కి శాలిబండ, అలియాబాద్, ఇంజన్‌బౌలి దాటుకుంటూ దక్షిణంగా సాగితే ఫలక్‌నుమా వస్తుంది. ఆ దారిలో స్టాపు స్టాపుకూ వినిపించే ఆ పేరును ఒకసారి చెవి ఒగ్గి వినండి. ఒకరు కింది పెదవిని పై పళ్ళకు తాకించి, గాలి వదులుతూ ఫలక్‌నుమా అంటారు. ఇంకొకరు రెండు పెదవులూ కలిపి పలక్‌నామా అంటారు. ఎలా పలికినా బస్సు అక్కడికే వెళ్తుంది, దిగవలసినవాళ్ళు అక్కడే దిగుతారు. కానీ ఉర్దూ తెలిసిన చెవికి ఆ రెండూ ఒకటి కావు. ఫలక్ అంటే ఆకాశం. పలక్ అంటే కనురెప్ప. ఇక తెలుగులో పలక అంటే మనకు మొదటి అక్షరాలు నేర్పిన పలకే. ఆకాశానికీ కనురెప్పకూ పలకకూ మధ్య ఉన్న దూరమంతా పెదవుల దగ్గర ఒక చిన్న కదలికలో ఉంది.

ఈ రోజు నేను మాట్లాడబోయేది అలాంటి మాటల గురించే. ఇంగ్లీషులో చెవికి ఒకేలా తగులుతూ అర్థంలో ఎంతో దూరంగా ఉండే మాటలు ఎన్నో ఉన్నాయి. వాటి దగ్గర మన పిల్లలు తడబడతారు, పెద్దలమూ తడబడతాం. ఉద్యోగానికి దరఖాస్తు రాస్తూ, బడికి సెలవు చీటీ రాస్తూ, ఫోనులో ఎవరికో సమాధానం చెబుతూ ఆగిపోతాం. ఆ తడబాటు తెలివితక్కువతనం వల్ల రాదు. అది ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుంటే సగం భయం పోతుంది. మిగతా సగం పోవడానికి కావలసిన పనిముట్లు మన ఇళ్ళలోనే, మన భాషల్లోనే ఉన్నాయి. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

ఫలక్‌నుమా స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక గల్లీలో, సాయంత్రాలు నేను పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. వాళ్ళలో సగం మంది ఇళ్ళలో ఉర్దూ, సగం మంది ఇళ్ళలో తెలుగు. ఆటల్లో రెండూ కలిసిపోతాయి. 2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చాక, లెక్కలూ సైన్సూ కూడా ఈ పిల్లలకు ఇంగ్లీషులోనే అందుతున్నాయి. అంటే ఒక మాటను తప్పుగా వింటే ఒక పాఠమే తప్పిపోతుంది.

ఒక సాయంత్రం డిక్టేషన్ చెప్పాను. మొదటి వాక్యం, తాళంచెవి పోగొట్టుకోవద్దు అని. డోంట్ లూజ్ ద కీ. తెలుగింటి అబ్బాయి ఆ క్రియను రెండు ఓలతో రాశాడు. అలా రాస్తే అది వదులుగా ఉండటం అనే అర్థమిచ్చే లూస్ అవుతుంది. పక్కనే కూర్చున్న ఉర్దూ ఇంటి అమ్మాయి ఒక్క ఓతో సరిగ్గా రాసింది. రెండో వాక్యం, రుచి బాగుంది అని. ద టేస్ట్ వాజ్ గుడ్. ఈసారి అమ్మాయి టెస్ట్ అని రాసింది, పరీక్ష బాగుందని. అబ్బాయి సరిగ్గా రాశాడు. ఇద్దరికీ ఒక్కొక్కటి తప్పు. ఇద్దరూ ఎవరి పుస్తకంలోని ఎర్ర గీతను వాళ్ళు చూసుకుంటూ తల వంచుకుని కూర్చున్నారు. నేను ఆ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాను. ఆ తప్పులు వాళ్ళు చేసినవి కావు. వాళ్ళ అమ్మ భాష వాళ్ళ చెవిని ఎలా మలిచిందో ఆ రెండు పేజీలూ చెబుతున్నాయి.

తెలుగులో ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. మెడకూ మేడకూ, కొనకూ కోనకూ అర్థాన్ని మార్చేది ఆ దీర్ఘమే. అందుకే టెస్టుకూ టేస్టుకూ తేడా తెలుగు చెవికి ఇట్టే దొరుకుతుంది. ఉర్దూ లిపిలో ఆ రెండు మాటలనూ ఒకేలా రాస్తారు. అందుచేత ఆ అమ్మాయి చెవి అక్కడ ఆగలేదు. అదే ఉర్దూలో, జాదూలోని జ వేరు, జమీన్‌లోని జ వేరు. రెండోది తేనెటీగ రొదలా సాగే ధ్వని. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరం లేదు. ఇక్కడికి దగ్గర్లోనే, బహదూర్‌పురాలో, 1963లో మొదలైన నెహ్రూ జంతుప్రదర్శనశాల ఉంది. అందరం జూ అనే అంటాం. ఆ మాటను అమ్మాయి ఒకలా, అబ్బాయి ఒకలా పలుకుతారు. లూస్, లూజ్ దగ్గర అబ్బాయి జారింది ఆ ధ్వని చెవికి అలవాటు లేకే.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒకేలా వినిపించే ఇంగ్లీషు మాటలన్నిటినీ ఒకే మూటగా కట్టి కంఠస్థం చెయ్యమంటే పిల్లలు అలసిపోతారు. వాటిని మూడు గంపలుగా వేరుచేద్దాం. మొదటి గంపలో, నిజానికి వేరువేరు ధ్వనులే అయినా మన నాలుక ఒకటి చేసేసే మాటలు. రెండో గంపలో, అచ్చంగా ఒకే ధ్వనితో పలికే మాటలు. మూడో గంపలో, కొంచెం పోలికతో కంటినీ చెవినీ కూడా తికమకపెట్టే మాటలు. ఒక్కో గంపకు ఒక్కో మందు.

మొదటి గంప. దీనికి మందు చెవిలో, నాలుకలో ఉంది. మీరు ఎక్కడ కూర్చుని వింటున్నా సరే, అరచేతిని గొంతు మీద పెట్టుకోండి. స్స్స్ అని సాగదీయండి. గొంతు కదలదు. ఇప్పుడు నాలుకను అక్కడే ఉంచి, తేనెటీగలా రొద చెయ్యండి. గొంతు అదురుతుంది. ఆ అదురే తేడా. ప్రైస్ అంటే ధర, ప్రైజ్ అంటే బహుమతి. ఐస్ అంటే మంచుగడ్డ, ఐజ్ అంటే కళ్ళు. రైస్ అంటే బియ్యం, రైజ్ అంటే లేవడం. తెలుగువాళ్ళకు ఆ రొద పూర్తిగా కొత్తదేమీ కాదు. జడ, జున్ను, జామ అన్నప్పుడు మన జ పళ్ళ దగ్గర పుడుతుంది. పాత పుస్తకాల్లో దానికి తల మీద ఒక గుర్తు కూడా పెట్టేవారు. ఆ జ మొదట్లో ఉన్న చిన్న అడ్డును తీసేసి సాగదీస్తే, జూకు కావలసిన ధ్వని వచ్చేస్తుంది.

ఇందులో ఒక అందమైన పద్ధతి ఉంది. అడ్వైస్ అంటే సలహా, అడ్వైజ్ అంటే సలహా ఇవ్వడం. యూస్ అంటే ఉపయోగం, యూజ్ అంటే ఉపయోగించడం. ప్రూఫ్ అంటే రుజువు, ప్రూవ్ అంటే రుజువు చెయ్యడం. బ్రెత్ అంటే ఊపిరి, బ్రీద్ అంటే ఊపిరి తీసుకోవడం. అన్నిటిలోనూ పేరు చెప్పే మాట చివర గొంతు అదరదు, పని చెప్పే మాట చివర అదురుతుంది. ఒకప్పటి ఇంగ్లీషులో క్రియకు చివర ఒక అచ్చు ఉండేది. రెండు అచ్చుల నడుమ చిక్కిన హల్లు మెత్తబడింది. తర్వాత ఆ చివరి అచ్చు రాలిపోయింది, మెత్తదనం మిగిలింది. తెలుగు వ్యాకరణం చదివినవాళ్ళకు ఇది వెంటనే తడుతుంది. సరళాదేశ సంధిలో క గ అవుతుంది, త ద అవుతుంది, ప బ అవుతుంది. పరుషం సరళం కావడమంటే గొంతు అదరడమే. కాబట్టి పిల్లలకు నేను ఒక్క ముక్క చెబుతాను. నామవాచకానికి పరుషం, క్రియకు సరళం. ఆ ఒక్క ముక్కతో ఎన్నో జంటలు విడిపోతాయి.

ఫలక్, పలక్ తేడా కూడా ఈ గంపలోదే. పెదవులు రెండూ మూస్తే ప, కింది పెదవి పై పళ్ళకు తాకితే ఫ. కాఫీని కాపీ అంటే తాగేది కాస్తా నకలు అవుతుంది. మన వ ఒక్కటే, ఇంగ్లీషులో రెండు. వెస్ట్ అనే మాటను పెదవులు గుండ్రంగా చుట్టి పలికితే పడమర, పంటికి పెదవి తాకిస్తే లోపల తొడుక్కునే బనియన్. ఇక స్టేషన్‌ను ఇస్టేషన్ అనే అలవాటు మన నగరంలో ఉర్దూ ఇళ్ళలో ఉంది, తెలుగు పల్లెల్లోనూ ఉంది. ఆ ముందు చేరే ఇ వల్ల చాలాసార్లు నష్టం లేదు. కానీ రాష్ట్రమనే అర్థం గల స్టేట్‌కు అది చేరితే ఎస్టేట్ అవుతుంది. రాష్ట్రం ఎవరిదో భూమి అయిపోతుంది.

మొదటి గంపలో అన్నిటికన్నా లోతైనది ఊనిక. మాటలో ఏ భాగం మీద బరువు వేస్తామన్నది. తెలుగులో అర్థాన్ని మార్చేది దీర్ఘం, ఒత్తు. బరువు ఎక్కడ వేసినా మాట మారదు. ఇంగ్లీషులో మారుతుంది. డెజర్ట్ అని మొదటి భాగం మీద బరువు వేస్తే ఎడారి. డిజర్ట్ అని రెండో భాగం మీద వేస్తే భోజనం చివర వడ్డించే తీపి. ఫలక్‌నుమా కొండ మీద ఉన్న ప్యాలెస్‌ను పిల్లలు రోజూ చూస్తారు. అది పైగా వంశీయుడు, తర్వాతి కాలంలో హైదరాబాద్ రాజ్య ప్రధానమంత్రి అయిన నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించిన భవనం. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చింది. 2010 నుంచి హోటల్. అందులో ఒకేసారి 101 మంది కూర్చుని భోంచేసే బల్ల ఉంది. ఆ బల్లను పిల్లల చేత ఊహించుకోమంటాను. భోజనం అయింది, పళ్ళేలన్నీ తీసేశారు, బల్ల శుభ్రం చేశారు, అప్పుడు ఖుబానీ కా మీఠా తెచ్చి పెట్టారు. డిజర్ట్ అనే మాటకు ఫ్రెంచిలో మూలార్థం అదే, వడ్డించినవి తీసెయ్యడం. తీసేశాక వచ్చేది కనుక తీపికి ఆ పేరు. ఎడారికి ఒక ఎస్, తీపికి రెండు ఎస్‌లు. తీపి మరోసారి అడుగుతాం కనుక దానికి రెండు అని చెబితే చిన్నపిల్లలు కూడా మరిచిపోరు.

ఊనిక సంగతిని మన నగరంలోనే శ్రద్ధగా పరిశోధించారు. 1958లో హైదరాబాద్‌లో కేంద్రీయ ఇంగ్లీషు సంస్థ మొదలైంది. ఈనాటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయానికి అదే మూలం. అక్కడ పనిచేసిన ఆచార్య ఆర్. కె. బన్సల్, భారతీయుల ఇంగ్లీషు ఇతర దేశాల వాళ్ళకు ఎంతవరకు అర్థమవుతోందో పరీక్షించి 1969లో ఒక గ్రంథం ప్రచురించారు. మాటలో బరువు తప్పుచోట పడటం అర్థంకాకపోవడానికి ఒక ముఖ్య కారణమని ఆయన పరిశీలన. కాబట్టి నిఘంటువు తెరిచినప్పుడు అర్థం చూసి మూసెయ్యకండి. మాట పక్కన పలికే తీరును చూపిస్తూ, ఒక భాగం ముందు చిన్న నిలువు గీత పెడతారు. బరువు అక్కడ వెయ్యమని దాని భావం. రికార్డ్, ప్రెజెంట్, పర్మిట్, ఆబ్జెక్ట్ లాంటి మాటల్లో మొదటి భాగం మీద బరువు వేస్తే పేరు, రెండో భాగం మీద వేస్తే పని. ఇదీ గుర్తుంచుకోదగ్గ పద్ధతే.

ఇక రెండో గంప. ఇక్కడ ఎంత చెవి పెట్టినా లాభం లేదు. ధ్వని అచ్చంగా ఒకటే. రాతలోనూ అర్థంలోనూ మాత్రమే తేడా. ఇలాంటివి ఇంగ్లీషుకే ఉన్న పీడ అనుకునే పిల్లలను నేను ఆ గల్లీలోకే తీసుకువెళ్తాను. ఎండాకాలంలో మామిడిపండ్ల బండి వస్తుంది. ఉర్దూలో మామిడిపండు ఆమ్. సాధారణమైన, అందరిదైన అనే అర్థమున్న మాట కూడా ఆమ్. ఢిల్లీలో కోట చూడబోతే దివాన్-ఎ-ఆమ్ అంటారే, ఆ ఆమ్. మన నోట రెండూ ఒకటే. కానీ ఉర్దూ రాతలో మామిడిపండు అలిఫ్‌తో మొదలవుతుంది, అందరిది అనే మాట ఐన్‌తో మొదలవుతుంది. సదా అనే మాట సీన్‌తో రాస్తే ఎల్లప్పుడూ, స్వాద్‌తో రాస్తే పిలుపు. ఒక్క స ధ్వనికి మూడు అక్షరాలు, జమీన్‌లోని జ ధ్వనికి నాలుగు అక్షరాలు నేర్చుకున్న ఉర్దూ పిల్లలకు, ఇంగ్లీషు అక్షరక్రమం దగ్గర భయపడాల్సిన పనేముంది? ఆ కష్టాన్ని వాళ్ళు ముందే దాటేశారు.

తెలుగుకూ ఈ అనుభవం ఉంది. ఏడు అంటే సంఖ్య, ఏడు అంటే సంవత్సరం కూడా. పాత పుస్తకాల్లో సంవత్సరానికి ఏ పక్కన అరసున్న పెట్టేవారు. కరి అంటే ఏనుగు, కఱి అంటే నలుపు. నలుపుకు బండి ఱ రాసేవారు. ఒకప్పుడు ఆ అరసున్నకూ ఆ ఱకూ ప్రత్యేకమైన పలుకు ఉండేది. పలుకు పోయింది, కొన్నాళ్ళు గుర్తు మిగిలింది, తర్వాత మనం ఆ గుర్తును కూడా వదిలేసి సందర్భం మీద ఆధారపడ్డాం. ఇంగ్లీషువాళ్ళు గుర్తును వదల్లేదు. తేడా అంతే.

వాళ్ళ కథ వినండి. విలియం కాక్స్‌టన్ 1476లో లండన్ పక్కన వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం పెట్టాడు. అచ్చు వచ్చాక అక్షరక్రమం మెల్లగా గట్టిపడింది. కానీ అదే కాలంలో జనం నోట అచ్చుల పలుకు పెద్దఎత్తున మారుతూ పోయింది. నోరు మారింది, రాత నిలిచిపోయింది. రాత్రి అనే అర్థం గల నైట్‌లో మధ్యన జి, హెచ్ ఎందుకున్నాయని పిల్లలు అడుగుతారు. ఒకప్పుడు అక్కడ నిజంగానే ఒక ధ్వని ఉండేది, ఖబర్, ఖుదా అన్నప్పుడు ఉర్దూవాళ్ళ గొంతులో రాపిడిగా వచ్చే ఖ లాంటిది. వీరుడనే అర్థం గల నైట్‌కు మొదట్లో ఉన్న కెను కూడా అప్పట్లో పలికేవారు. అంటే ఆ రెండు మాటలూ ఆనాడు కవలలే కావు. ధ్వనులు రాలిపోయాక కవలలయ్యాయి. పలకని అక్షరం పనికిరాని అక్షరం కాదు. ఒకప్పటి పలుకుకు అది మిగిలిన ఆనవాలు.

కాబట్టి రెండో గంపకు మందు, మాట పుట్టుపూర్వోత్తరాలు. స్టేషనరీ అనే మాట తీసుకోండి. కదలకుండా నిలిచి ఉండేది అనే అర్థంలో చివర ఎ-ఆర్-వై. కాగితాలు, కలాలు అనే అర్థంలో ఇ-ఆర్-వై. ఇవి వట్టి కవలలు కావు, ఒక ఇంటి పిల్లలే. మధ్యయుగంలో యూరపులో పుస్తకాలమ్మేవాళ్ళు ఎక్కువమంది ఊరూరా తిరిగేవారు. విశ్వవిద్యాలయాల దగ్గర మాత్రం ఒకేచోట కొట్టు పెట్టుకుని కూర్చున్నవాళ్ళుండేవారు. ఒకచోట నిలిచినవాడు కనుక స్టేషనర్, ఆయన అమ్మే సరుకు స్టేషనరీ. ఫలక్‌నుమాలో రైలు వచ్చి నిలిచే చోటు స్టేషన్. తోపుడు బండి తిరుగుతుంది, దుకాణం నిలిచి ఉంటుంది. ఈ కథ చెప్పాక పిల్లలకు ఒక్క గుర్తు ఇస్తాను. పాతబస్తీలో అడుగడుగునా కనిపించే బేకరీ ఇ-ఆర్-వై, కిరాణా అనే అర్థం గల గ్రోసరీ ఇ-ఆర్-వై, అలాగే కొట్లో అమ్మే స్టేషనరీ కూడా ఇ-ఆర్-వై.

ప్రిన్సిపల్ మరొకటి. కళాశాల పెద్దకు చివర ఎ-ఎల్. సూత్రం, నియమం అనే అర్థానికి ఎల్-ఇ. అప్పు తీసుకున్న ఇంటివాళ్ళకు అసలు, వడ్డీ బాగా తెలుసు. ఆ అసలుకు ఇంగ్లీషులో పేరు ప్రిన్సిపల్, ఎ-ఎల్‌తో. కళాశాలలో ముఖ్యులు, అప్పులో ముఖ్యమైనది, రెండూ ఒకటే మాట. ముఖ్యం అనే భావం ఎక్కడున్నా ఎ-ఎల్ అని పట్టుకుంటే ఇక తప్పు రాదు. ఇంకొక జంట, పువ్వు అనే ఫ్లవర్, పిండి అనే ఫ్లౌర్. చాలామంది ఇంగ్లీషువాళ్ళ నోట ఇవి రెండూ ఒకేలా పలుకుతాయి. నిజానికి ఇవి రెండూ ఒకటే మాట. ధాన్యం విసిరి జల్లిస్తే వచ్చే మెత్తని, మేలైన భాగాన్ని పువ్వుతో పోల్చారు. 18వ శతాబ్దంలో కూడా రెండిటినీ ఒకేలా రాయడం ఉండేది. తర్వాత రాత చీలింది. జల్లెడ పట్టే ఇంట్లో పెరిగిన పిల్లలకు ఈ పోలిక ఎంత అందంగా అందుతుందో చెప్పలేను.

మూడో గంపలో ఆక్సెప్ట్, ఎక్సెప్ట్ లాంటివి ఉన్నాయి. మొదటిది అంగీకరించడం, రెండోది తప్ప. అఫెక్ట్, ఎఫెక్ట్ ఉన్నాయి. మొదటిది ప్రభావం చూపడం, రెండోది ఆ ప్రభావం, అంటే ఫలితం. వీటికి మందు మన ఉపసర్గల్లో దొరుకుతుంది. ఆహారం, విహారం, సంహారం, పరిహారం. వెనక మాట ఒకటే, ముందు చేరింది మారితే అర్థం మారిపోతోంది. లాటిన్‌లోనూ అంతే. అక్కడ యాడ్ అనే ఉపసర్గకు వైపు అని అర్థం, ఎక్స్ అంటే బయటికి. వెనక ఉన్న మాటకు పట్టుకోవడం అని అర్థం. తన వైపు పట్టుకుంటే ఆక్సెప్ట్, బయటికి తీసేస్తే ఎక్సెప్ట్. రెండో జంటలో వెనక ఉన్న మాటకు చెయ్యడం అని అర్థం. ఒకదాని వైపుగా చేసేది అఫెక్ట్, చేశాక బయటపడేది ఎఫెక్ట్. యాడ్, ఎక్స్ అని ముందు భాగాన్ని విడదీసి చూడటం అలవాటైతే, ఇలాంటి జంటలు పదులకొద్దీ వాటంతటవే విడిపోతాయి.

ఇంత శ్రద్ధ అవసరమా, చెప్పింది ఎదుటివాళ్ళకు అర్థమైతే చాలదా అని కొందరు పెద్దలు నన్ను అడుగుతారు. చాలాచోట్ల చాలు. సందర్భమే అర్థాన్ని కాపాడుతుంది. కానీ సందర్భం కాపాడలేని చోట్లు కొన్ని ఉన్నాయి. విమానాలు నడిపేవాళ్ళు రేడియోలో మాట్లాడుకునేటప్పుడు తొమ్మిదిని నైన్ అనరు, నైనర్ అంటారు. ఐదును ఫైవ్ అనరు, ఫైఫ్ అంటారు. గరగరల మధ్య నైన్, ఫైవ్ కలగలిసిపోతాయని ఆ జాగ్రత్త. అక్షరాలను కూడా ఆల్ఫా, బ్రావో, చార్లీ అని పేర్లు పెట్టి పలికే పద్ధతిని 1956 నుంచి ప్రపంచమంతా పాటిస్తోంది. ఫలక్‌నుమా మీదుగా శంషాబాద్‌లో దిగబోయే విమానం కనిపించినప్పుడల్లా పిల్లలకు ఈ మాట గుర్తుచేస్తాను. అలాగే మందుల పేర్లు. ఒకేలా వినిపించే, ఒకేలా కనిపించే మందుల పేర్ల వల్ల రోగులకు ప్రమాదం జరగకుండా జాగ్రత్తలు చెబుతూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో సూచనలు విడుదల చేసింది. మందుల షాపులో పేరును నోటితో చెప్పి ఊరుకోకుండా చీటీ చూపించండి, ఇచ్చిన మందు మీద పేరును అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఒకేలా ఉన్న రెంటి మధ్య ఆగి చూడటం చదువుకు మాత్రమే సంబంధించిన గుణం కాదు. అది ప్రాణాలు కాపాడే అలవాటు.

ఇప్పుడు ఇంట్లో చెయ్యగలిగిన పని చెబుతాను. మాటల జాబితా ఇచ్చి బట్టీ పట్టించకండి. ఒంటరి మాట నిలవదు. ప్రతి మాటకూ పిల్లల సొంత జీవితం నుంచి ఒక వాక్యం కట్టించండి. మా నాన్న ఆటోకు బ్రేక్ వేశాడు, గ్లాసు కింద పడి బ్రేక్ అయింది అని. ఆ రెండు బ్రేకుల అక్షరాలు వేరు. ఆటోదానికి చివర కె-ఇ, పగిలినదానికి చివర ఎ-కె. వాక్యంలో చూసిన మాట దాని వాక్యంతో పాటే గుర్తొస్తుంది. రెండోది, రోజూ పది నిమిషాలు గట్టిగా చదివించండి, ఇంకొకరు కళ్ళు మూసుకుని వినాలి. విన్నది రాయాలి. ఫోనులో ఉన్న నిఘంటువు మాటను పలికి వినిపిస్తుంది, దాన్ని కూడా వాడుకోండి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. తప్పు రాసిన చోట ఎర్ర గీత కొట్టి వదిలెయ్యకండి. ఏం వినిపించి అలా రాశావని అడగండి. పిల్లలు చెప్పే జవాబులో వాళ్ళ చెవి పనిచేసే తీరు బయటపడుతుంది. అక్కడి నుంచి దిద్దడం సులువు.

ఆ డిక్టేషన్ రోజు తర్వాత నేను ఒక చిన్న మార్పు చేశాను. ఆ అమ్మాయినీ అబ్బాయినీ జంటగా కూర్చోబెట్టాను. వారంలో మూడు రోజులు అమ్మాయి చదువుతుంది, అబ్బాయి రాస్తాడు. మిగతా మూడు రోజులు అబ్బాయి చదువుతాడు, అమ్మాయి రాస్తుంది. అమ్మాయి అతని చేత గొంతు మీద చెయ్యి పెట్టించి లూస్, లూజ్ చెప్పించింది. గొంతు అదిరే దాకా వదల్లేదు. అబ్బాయి ఆమెకు మెడ, మేడ చెప్పి, అదే తేడా టెస్టులోనూ టేస్టులోనూ ఉందని చూపించాడు. కల, కళ కూడా నేర్పాడు, ఎందుకంటే ఉర్దూలో ళ లేదు. ఆమె అతనికి ఫలక్ అని సరిగ్గా పలకడం నేర్పింది. ఒకరి భాషలో లేని చెవిని ఇంకొకరి భాష ఇచ్చింది. నెలన్నర తిరిగేసరికి ఆ రెండు పుస్తకాల్లో ఆ తరహా తప్పులు బాగా తగ్గాయి.

చివరగా ఒక జంట మాట చెప్పి ముగిస్తాను. కాంప్లిమెంట్ అనే మాట మధ్యలో ఐతో రాస్తే మెచ్చుకోలు. ఇతో రాస్తే నిండుదనం ఇచ్చేది, ఒకదానిలోని లోటును పూరించేది. ఈ మాట బోర్డు మీద రాసి, ఇతో వచ్చే మాటకు సొంత వాక్యం చెప్పమన్నాను. ఆ అమ్మాయి లేచి నిలబడి, పక్కన కూర్చున్న అబ్బాయిని చూపించి, మా చెవులు ఒకదానికొకటి కాంప్లిమెంట్ టీచర్ అంది. బోర్డు దగ్గరికి వెళ్ళి ఆ వాక్యాన్ని తనే రాసింది. మధ్యలో ఇ సరిగ్గా పెట్టింది.

ఆ గల్లీలో ఒక పక్క పలక మీద అక్షరాలు దిద్దే తెలుగు ఉంది, ఇంకో పక్క ఆకాశాన్ని ఫలక్ అని పిలిచే ఉర్దూ ఉంది. మూడో భాష నేర్చుకోవడానికి బయలుదేరే పిల్లలు ఆ రెండిటినీ వెంట తీసుకువెళ్ళాలి. వాళ్ళను అలా పంపడం పెద్దలమైన మన పని.